యుద్ధకాలంలో రేవు, నది, రైలు రవాణా నడపడం ఎలా: దించే చోటు నుంచి మొదలుపెట్టండి

ఒక సైన్యాన్ని సముద్రం దాటించి, రేవులో దించి, నది మీదా రైలు మీదా వందల కిలోమీటర్లు లోపలికి పంపాలి. దానికి తిండి, మేత, మందుగుండు, మందులు రోజూ చేరుతూ ఉండాలి. ఈ బాధ్యత మీ చేతుల్లో పెట్టారనుకుని చదవండి. మీరు సైనిక చరిత్ర చదివే విద్యార్థి కావచ్చు, స్టాఫ్ పరీక్షలకు సిద్ధమవుతున్న అధికారి కావచ్చు, మ్యాపు మీద యుద్ధక్రీడ నడిపేవారు కావచ్చు. లెక్క మాత్రం అందరికీ ఒకటే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగే ప్రశ్న "మన దగ్గర ఎన్ని ఓడలున్నాయి, ఎన్ని ఇంజన్లున్నాయి" అని. దానికంటే ముందు అడగాల్సినది ఇంకొకటుంది: పంపిన సరుకు అవతల ఎంతసేపట్లో దిగుతోంది, ఖాళీ అయిన పడవ, ఖాళీ వ్యాగన్ మళ్లీ ఎప్పుడు మన దగ్గరకు వస్తున్నాయి? ఎక్కించే చోట అధికారులు, క్రేన్లు, కూలీలు, ఫోన్లు అన్నీ ఉంటాయి. దించే చోట చాలాసార్లు బురద గట్టు, నలుగురు మనుషులు, చీకటి మాత్రమే ఉంటాయి. రవాణా ఆగిపోయేది అక్కడే. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ ప్రశ్న మళ్లీ వేసుకుంటూ వెళ్లండి.

ఉదాహరణలు ఎక్కువగా మొదటి ప్రపంచ యుద్ధం నాటి మెసొపొటేమియా (నేటి ఇరాక్) నుంచి తీసుకుంటున్నాను, ఎందుకంటే రేవు, నది, రైలు మూడూ అక్కడ ఒకేచోట కలిశాయి. 1914 నవంబరులో బ్రిటిష్ ఇండియా సైన్యం ఫావ్ దగ్గర దిగి బస్రాను పట్టుకుంది. టైగ్రిస్ నది వెంట పైకి పోతూ, ఏడాది తిరిగేసరికి బాగ్దాద్‌కు చేరువలో ఉన్న టెసిఫాన్ దాకా వెళ్లింది. అక్కడ నిలవలేక వెనక్కి తగ్గి, కూట్ పట్టణంలో టర్కీ సైన్యం ముట్టడిలో చిక్కుకుంది. 1916 ఏప్రిల్ 29న సుమారు 13,000 మంది లొంగిపోయారు. మరో పదకొండు నెలలకు, 1917 మార్చి 11న, జనరల్ మాడ్ నడిపిన సైన్యం అదే నది వెంట వెళ్లి బాగ్దాద్‌లో ప్రవేశించింది. ఈ రెండు దండయాత్రల మధ్య మారినవాటిలో రవాణా నడిపిన తీరే ముఖ్యమని నా అభిప్రాయం.

రోజుకు ఎన్ని టన్నులు కావాలి?

మొదటి పని పెన్నూ కాగితమూ తీసుకోవడం. నోటిలెక్క వద్దు.

ముందుభాగంలో 40,000 మంది సైనికులు, 12,000 గుర్రాలు, కంచరగాడిదలు ఉన్నాయనుకుందాం. మనిషికి రేషన్, ప్యాకింగుతో కలిపి రోజుకు రెండు కిలోలు వేసుకోండి. 80 టన్నులు అయింది. పెద్ద గుర్రానికి ఆనాటి బ్రిటిష్ లెక్కలో దాణా, ఎండుగడ్డి కలిపి రోజుకు దాదాపు 10 కిలోలు. అంటే 120 టన్నులు. మనుషుల తిండి కంటే జంతువుల మేతే ఎక్కువన్నమాట. పైగా ఎండుగడ్డికి బరువు తక్కువ, చోటు ఎక్కువ కావాలి. పడవ మునగాల్సినంత మునగకముందే నిండిపోతుంది. కాబట్టి టన్నుల పక్కనే ఘనపు మీటర్ల లెక్క కూడా రాసుకోండి. తర్వాతి యుద్ధాల్లో మేత స్థానంలోకి పెట్రోలు వచ్చింది. పేరు మారింది కానీ, సైనికుడి తిండి కంటే అతన్ని కదిలించేదానికే ఎక్కువ బరువు మోయాల్సి రావడం మారలేదు.

దీనికి మందుగుండు కలపండి. యుద్ధం జరిగే రోజుకూ ఊరికే ఉండే రోజుకూ దీని లెక్కలో ఎక్కడా పొంతన ఉండదు. అందుకే సగటు వేసుకోకుండా పోరు మొదలవకముందే నిల్వ పెట్టుకోవాలి. ఆ పైన మందులు, గుడారాలు, వంతెన సామగ్రి, పట్టాలు, ముళ్లతీగ. ఇవన్నీ కలిపి మన ఉదాహరణలో 350 టన్నులు అనుకుందాం.

ఇక్కడే చాలామంది లెక్క ముగించేస్తారు. రవాణా కూడా తింటుందని మరిచిపోకండి. స్టీమర్లకు ఇంధనం, ఇంజన్లకు బొగ్గు, పడవ నడిపే సరంగులకూ, దానిలో పనిచేసే కళాసీలకూ తిండి, దారి పొడుగునా కాపలా ఉన్న దళాలకు రేషన్, ఇవన్నీ అవే పడవల్లో, అవే బండ్లలో పోవాలి. దారి పొడుగెక్కేకొద్దీ ఈ వాటా పెరుగుతుంది. దీన్నీ, రోజూ కొంత నిల్వ పెంచుకోవడాన్నీ కలిపితే మన అవసరం రోజుకు 500 టన్నులకు చేరుతుంది.

కొత్త దళాలు కూడా సరుకే. ఒక బెటాలియన్‌ను ముందుకు పంపితే ఆరోజు పడవల్లో చోటు తీసుకుంటుంది, మర్నాటి నుంచి రోజూ తిండి అడుగుతుంది. 1916 మొదట్లో కూట్‌ను విడిపించడానికి పైన పోరాటం జరుగుతుంటే, కింద బస్రాలో వేలమంది సైనికులు నదీ రవాణా లేక ఉండిపోయారు. మనుషులున్నారు, వాళ్లను చేర్చే దారి లేదు. "ఇంకొక డివిజన్ పంపండి" అని పైవాళ్లు అన్నప్పుడు, "దాన్ని పోషించడానికి రోజుకు ఇన్ని టన్నులు ఎక్కడి నుంచి తగ్గించమంటారు" అని కాగితం మీద అడగడం మీ ధర్మం.

దారిని ముక్కలు చేయండి

సముద్రం నుంచి ముందుభాగం దాకా ఉన్న దారిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క పక్కన రోజుకు ఎన్ని టన్నులు దాటించగలదో రాయండి. రేవు బయటి ఇసుక తిన్నె, లంగరు వేసే చోటు, జెట్టీ, గోదాము, నది, మార్పిడి స్టేషను, ఆఖరి డిపో. అన్నిటిలోకీ చిన్న అంకె ఏదో అదే మీ సైన్యం పరిమాణం. మిగతా ముక్కలు ఎంత పెద్దవైనా ఒరిగేదేమీ లేదు.

టైగ్రిస్ మీద ఎజ్రా సమాధి, కలాత్ సాలిహ్ అనే చోట్ల మధ్య నది బాగా ఇరుకైపోతుంది. నీళ్లు పక్క కాలువల్లోకీ చిత్తడి నేలల్లోకీ పోవడం వల్ల అక్కడ రెండు స్టీమర్లు ఎదురుపడితే దాటుకోవడమే కష్టం. పైనా కిందా నది ఎంత వెడల్పున్నా, బస్రా నుంచి కదిలే ప్రతి టన్నూ ఆ ఇరుకులోంచే పోవాలి.

1944 సెప్టెంబరు 4న మిత్రరాజ్యాల సైన్యం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవును దాదాపు చెక్కుచెదరకుండా పట్టుకుంది. కానీ సముద్రానికీ రేవుకూ మధ్య ఉన్న షెల్ట్ నదీముఖం జర్మన్ల చేతిలోనే ఉండిపోయింది, నిండా మందుపాతరలు. మొదటి ఓడల బారు నవంబరు 28న గానీ రేవులోకి రాలేదు. దాదాపు మూడు నెలలు జెట్టీలూ క్రేన్లూ ఖాళీగా ఉన్నాయి. మీ పట్టికలో ఏ ఒక్క ముక్క పక్కన సున్నా ఉన్నా మొత్తం సున్నాయే.

రేవు

రేవు పని మొదలయ్యేది ఓడ రాకముందు, అది బయల్దేరే చోట. ఏ సరుకు ఏ హాచ్ (ఓడ సరుకు గదిలోకి తెరుచుకునే ద్వారం) కింద, ఏ వరసలో ఉందో చెప్పే జాబితా ఓడ కంటే ముందు మీకు అందాలి. మొదట కావాల్సింది చివర ఎక్కించాలి. 1915 మార్చిలో టర్కీ తీరంలోని గల్లిపోలి మీద దాడికి బయల్దేరిన ఓడల్లో తుపాకులు ఒకచోట, వాటి గుండ్లు ఇంకోచోట, బండ్లు ఒకచోట, గుర్రాలు ఇంకోచోట పడ్డాయి. శత్రుతీరంలో అలా దిగడం కుదరదు గనక ఓడలను ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు తిప్పి మళ్లీ సర్దాల్సి వచ్చింది. ఈ లోపల అవతలివాళ్లు తీరమంతా కందకాలు తవ్వుకున్నారు.

రెండోది, ఓడలను పిలిచే అధికారం మీ చేతిలో ఉంచుకోవడం. ఒక లెక్క చూడండి. 5,000 టన్నుల ఓడకు అయిదు హాచ్‌లున్నాయి, ఒక్కో హాచ్ దగ్గర కూలీల ముఠా గంటకు 10 టన్నులు దించుతుంది, రోజుకు 20 గంటలు పని సాగుతుంది. రోజుకు 1,000 టన్నులు, అయిదు రోజుల్లో ఓడ ఖాళీ. మూడు బెర్తులు (ఓడ ఆనే చోట్లు) ఉంటే రోజుకు 3,000 టన్నులు. ఇది జెట్టీకి ఆనుకుని దించితే వచ్చే లెక్క. నది మధ్యలో లంగరు వేసి చిన్న పడవల్లోకి దించాలంటే ముఠా ఎంత చురుకైనదైనా పడవ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. బస్రాలో మొదటి ఏడాదిన్నరలో జరిగింది ఇదే. సముద్రపు ఓడలు ఆనే జెట్టీలు లేవు. మహైలాలనే స్థానిక తెరచాప పడవల్లోకి సరుకు దించేవారు. ఆ మహైలాలే సరుకును నది పైకీ తీసుకెళ్లాలి. అవి పైకి పోతే ఇక్కడ ఓడలు ఖాళీ కావు, ఇక్కడే ఉంటే ముందుభాగానికి సరుకు పోదు. ఓడలు వారాల తరబడి వరసకట్టి నిలబడ్డాయి. రంగూన్ రేవు నడిపిన అనుభవమున్న జార్జ్ బుకానన్‌ను ఈ చిక్కు విప్పడానికే బస్రాకు పంపారు. తర్వాత మాకిల్ దగ్గర ఓడలు ఆనే జెట్టీలు కట్టాక, వెనకే రైలు పట్టాలు వేశాక గానీ బస్రా నిజమైన రేవు కాలేదు.

మీరు దించగలిగినదానికంటే ఎక్కువ ఓడలు రేవు ముందు నిలబడటం వల్ల మీకు ఒక్క టన్ను కూడా అదనంగా దక్కదు. అవతల ఇంకెక్కడో అవసరమైన ఓడ ఇక్కడ ఇరుక్కుంటుంది, శత్రువుకు గురి అవుతుంది. రాగలిగే తేదీలు మీరే ఇవ్వండి, మిగతావాటిని వెనక సురక్షితమైన చోట ఆపించండి.

మూడోది జెట్టీ షెడ్డు. అది సరుకు దాటిపోయే చోటు, దాచుకునే చోటు కాదు. రెండు రోజులకు మించి ఏదీ అక్కడ ఉండకూడదని నియమం పెట్టి, ఎవరు అడ్డుపడినా అమలు చేయండి. షెడ్డు నిండితే జెట్టీ ఆగుతుంది, జెట్టీ ఆగితే ఓడ ఆగుతుంది.

ఇక మనుషులు. క్రేన్ల కంటే ముందు హమాలీల గురించి ఆలోచించండి. మెసొపొటేమియాకు ఇండియా నుంచి లేబర్ కోర్, పోర్టర్ కోర్ దళాలు వెళ్లాయి. 1916 నుంచి జైళ్లలోని ఖైదీలను కూడా తీసుకెళ్లారు. ఆ ఎండలో, ఆ జ్వరాల మధ్య రేవును నిలబెట్టింది వాళ్ల వీపులే, అయినా చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు దక్కిన పంక్తులు చాలా తక్కువ. మీ ప్రణాళికలో వాళ్లకు నీడ, మంచినీళ్లు, వండిన తిండి, వేళకు కూలి, షిఫ్టు మార్పు, డాక్టరు తప్పకుండా ఉండాలి. అది న్యాయమూ, లెక్క కూడా: పది మంది ముఠాలో ముగ్గురు జ్వరంతో పడితే మిగిలిన ఏడుగురు పది మంది పని చేయలేరు.

పట్టుకున్న రేవు పనికొచ్చే స్థితిలో దొరుకుతుందని నమ్మకండి. 1944 జూన్ చివర్లో ఫ్రాన్స్‌లోని షెర్బూర్ రేవు మిత్రరాజ్యాల చేతికొచ్చింది. జర్మన్లు దాన్ని ఎంతగా ధ్వంసం చేసి పోయారంటే జూలై మధ్యకు గానీ మొదటి సరుకు దిగలేదు. కృత్రిమ రేవు కట్టుకున్నా తుఫాను ఉండనే ఉంటుంది. నార్మండీలో ఒమాహా తీరాన కట్టిన మల్బరీ రేవు జూన్ 19-22 తుఫానులో విరిగిపోయింది. ఆటు సమయంలో ల్యాండింగ్ ఓడలను ఇసుక మీదే నిలబెట్టి దించే పద్ధతి అప్పటికే అలవాటు చేసుకుని ఉండటంతో పని ఆగలేదు. రెండో దారి మీ దగ్గర కూడా సిద్ధంగా ఉండాలి.

నది

నది మీద రవాణా చౌక, కానీ నది ఏ నెలకు ఆ నెల వేరు. టైగ్రిస్‌లో వసంతంలో కొండల మంచు కరిగి వరద వస్తుంది, వేసవి చివరికి నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. అందుకే లోతు లెక్క పన్నెండు నెలలకూ విడివిడిగా రాయండి. అతి తక్కువ నీరుండే నెలలో అతి పలచని చోట ఎంత లోతుందో, మీ పడవ అంతకంటే తక్కువ మునగాలి. నిండుగా ఎక్కిస్తే ఒక మీటరు మునిగే పడవను సగం బరువుతోనే పంపాల్సి వస్తే, మీకున్నవి సగం పడవలే.

పడవలను పోగుచేసేటప్పుడు దొరికినవన్నీ తెచ్చుకోవద్దు. ఐరావతి, గంగ, బ్రహ్మపుత్ర, నైలు నదుల నుంచి మెసొపొటేమియాకు స్టీమర్లను పంపారు. నదికోసం కట్టిన బల్లపరుపు పడవలను సముద్రం మీద లాక్కొస్తుంటే దారిలో చాలా మునిగిపోయాయి. వచ్చినవాటిలో కొన్ని టైగ్రిస్ మలుపులకు సరిపోలేదు. ఒక్కోటి ఒక్కో తయారీ కావడంతో ఒకదాని విడిభాగం ఇంకోదానికి పట్టదు. నాలుగు రకాల పడవలు నలభై కంటే, ఒకే రకం పడవలు ముప్ఫై మేలు. రేవు పక్కనే మరమ్మతు యార్డు పెట్టించండి, ముందుభాగానికి చేరువలో ఇంకొక చిన్నది.

ఇప్పుడు అసలు లెక్క. దీన్ని ఒకసారి మీ చేత్తో మీరే వేసి చూడండి. రెండు పక్కలా బార్జీలు (ఇంజను లేని సరుకు పడవలు) కట్టుకున్న స్టీమరు 300 టన్నులు మోస్తుంది. దూరం 300 కిలోమీటర్లు. నిలకడ నీటిలో దాని వేగం గంటకు 8 కిలోమీటర్లు, ప్రవాహం గంటకు 4. ఎదురెక్కేటప్పుడు వేగం 4, దిగేటప్పుడు 12. అంటే పైకి 75 గంటలు, కిందికి 25 గంటలు. ఇసుక మేటల భయంతో పగలు 12 గంటలే నడిపితే పైకి ఆరు రోజుల పైన, కిందికి రెండు రోజులు. ఎక్కించడానికి ఒక రోజు, అవతల బురద గట్టు మీద దించడానికి మూడు రోజులు. మొత్తం చుట్టు దాదాపు పన్నెండున్నర రోజులు. రోజుకు 500 టన్నులు చేరాలంటే 21 స్టీమర్లు కావాలి.

ఇప్పుడు అవతల రెండు పంటూన్ (నీటిమీద తేలే) జెట్టీలు వేసి, ముఠాలు పెట్టి, దించడాన్ని ఒక్క రోజుకు తగ్గించండి. 18 స్టీమర్లతో సరిపోతుంది. నది పొడుగునా గుర్తులు పాతి, దీపాలు పెట్టి, మేటలు ఎక్కడ జరుగుతున్నాయో చూసే చిన్న పడవలను నియమించి, రాత్రి కూడా నడపగలిగితే చుట్టు ఆరు రోజులకు కాస్త పైన. అప్పుడు 11 స్టీమర్లు చాలు. ఒక్క కొత్త స్టీమరు కూడా తేకుండా, సగం స్టీమర్లతో అదే పని. ఎక్కడో కొత్త స్టీమర్లు కట్టి తేవడానికి నెలలు పడుతుంది. దీపాలు, జెట్టీలు వారాల్లో అవుతాయి. ఏ లెక్కకైనా మరమ్మతుల కోసం పావు వంతు అదనంగా కలుపుకోండి.

ఒడిదుడుకుల నదిలో సరంగు మాట వినండి. ఎన్నేళ్లుగానో ఆ నీటిని చదువుతున్న మనిషి "ఈరోజు వద్దు" అంటే, ఆ మాటను రాసిపెట్టుకుని, తోసిపుచ్చాల్సి వస్తే ఎందుకో కూడా రాయండి. కొన్నిసార్లు తోసిపుచ్చక తప్పని రోజు వస్తుంది. కూట్‌లో తిండి అయిపోయినప్పుడు, 1916 ఏప్రిల్ 24 రాత్రి జుల్నార్ అనే స్టీమరులో 270 టన్నుల సరుకు వేసి శత్రువుల మధ్యలోంచి పంపారు. నడిపినవాళ్లు ప్రాణాలకు తెగించి వెళ్లారు, అయినా అది గమ్యం చేరకముందే శత్రువుకు చిక్కింది. అయిదు రోజులకు కూట్ లొంగిపోయింది. ఆ 270 టన్నులు ఒక్క స్టీమరుకు సరిపడే సరుకే. నదీ రవాణా నెలల ముందే కుదుటపడి ఉంటే ఆ సాహసం అవసరమే ఉండేది కాదు.

రైలు

నది ఉన్నచోట రైలు ఎందుకు అంటే, నదికి ఎక్కడ శక్తి చాలదో అక్కడ ఆదుకోవడానికి. మొత్తం దారికి సమాంతరంగా రైలు వేయాలనుకోకండి, అంత టైమ్ ఉండదు. మెసొపొటేమియాలో వేసిన కుర్నా-అమారా లైను టైగ్రిస్ ఇరుకును తప్పించింది. షేక్ సాద్ నుంచి వేసిన నారో గేజి లైను 1916 చివర మాడ్ దాడికి ముందు సరుకును నది నుంచి కందకాల దగ్గరకు చేర్చింది. ఇరుకు ఎక్కడో తెలిసినవాళ్లు పట్టాలు అక్కడే వేశారు.

ఒంటి లైను మీద ఎన్ని బండ్లు నడుస్తాయో క్రాసింగ్ స్టేషన్ల (ఎదురెదురు బండ్లు దాటుకునే స్టేషన్ల) మధ్య దూరం తేల్చేస్తుంది. అన్నిటిలోకీ పొడుగైన రెండు స్టేషన్ల మధ్య బండికి 40 నిమిషాలు పడితే, ఒక బండి పోయి ఒకటి రావడానికి, టోకెన్ (ఆ ముక్కలోకి వెళ్లడానికి డ్రైవరుకిచ్చే అనుమతి గుర్తు) మార్చడానికీ కలిపి 90 నిమిషాలు. రోజుకు 16 జతలు. కాగితం మీది 16 నేల మీద 10 అవుతుంది. బండికి 250 టన్నులు అంటే 2,500 టన్నులు. బాగుందనిపిస్తుంది. కానీ ఆఖరి స్టేషనులో రోజుకు మూడు బండ్లే దించే చోటుంటే మీకు అందేది 750 టన్నులే. అలాంటప్పుడు ఇంకొక ఇంజను అడగకండి, ఆఖరి స్టేషనులో ఇంకో రెండు సైడింగులు (బండి నిలిపి దించుకునే పక్క పట్టాలు) అడగండి.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది రైల్వేలను నడిపిన హెర్మన్ హాప్ట్ ఈ విషయం మీద చేసినంత పోరాటం ఇంకెవరూ చేయలేదనిపిస్తుంది. వ్యాగన్లను గోదాములుగా వాడొద్దు, వచ్చిన వెంటనే దించి పంపండి, బండ్లు ఎప్పుడు కదలాలో సైనికాధికారులు చెప్పకూడదు: ఆయన పట్టుదలంతా ఈ మూడింటి మీదే. 1862 ఆగస్టులో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో జనరల్ స్టర్జిస్ తన దళాన్ని ముందు పంపాలని బండ్లను ఆపేస్తే, ఆ లైను మొత్తం స్తంభించింది. అవతల పెద్ద యుద్ధం జరగబోతున్న రోజులవి. ఆ ఏడాది నవంబరులో, రైళ్ల నడకలో జోక్యం చేసుకునే అధికారులను ఉద్యోగం నుంచి తీసేస్తామని యుద్ధ శాఖ ఉత్తర్వు వెలువడింది. మీకు కూడా అలాంటి ఉత్తర్వు మొదటి రోజే చేతిలో ఉండాలి.

నీళ్లు మరిచిపోకండి. ఆవిరి ఇంజను బొగ్గు కంటే నీళ్లు ఎక్కువ తాగుతుంది. 1941లో రష్యాలోకి వెళ్లిన జర్మన్లకు గేజి తేడా పెద్ద సమస్య అని అందరూ చెబుతారు. పట్టాను జరపడం అంత కష్టం కాలేదు. రష్యా ఇంజన్లు పెద్దవి కావడంతో అక్కడి నీళ్ల స్టేషన్లు దూరదూరంగా ఉన్నాయి. జర్మన్ ఇంజన్లకు ఆ దూరం అందలేదు. చలికాలంలో వాటి బయటి గొట్టాలు గడ్డకట్టి పగిలాయి.

మార్పిడి చోట్లు

ఓడ నుంచి రైలుకు, బ్రాడ్ గేజి నుంచి మీటర్ గేజికి, రైలు నుంచి పడవకు సరుకు మారే ప్రతిచోటా బరువు మళ్లీ మనుషుల చేతుల మీదకు వస్తుంది. అలాంటి చోట్లు వీలైనంత తగ్గించండి. తప్పనిచోట మీ సమర్థుడైన అధికారిని ముందుభాగంలో కాకుండా అక్కడ పెట్టండి.

రెండో ప్రపంచ యుద్ధంలో కలకత్తా నుంచి అస్సాం వెళ్లే సరుకు చూడండి. పార్వతీపూర్‌లో బ్రాడ్ గేజి వ్యాగన్ల నుంచి మీటర్ గేజి వ్యాగన్లలోకి మారాలి. అమిన్‌గావ్‌లో బ్రహ్మపుత్ర ఒడ్డున వ్యాగన్లను ఫెర్రీ మీదకు ఎక్కించి అవతల పాండులో దించాలి. అక్కడి నుంచి మళ్లీ మీటర్ గేజి మీద దిమాపూర్‌కూ లెడోకూ. తేయాకు తోటల కోసం వేసిన ఒంటి లైను అది. ఇంఫాల్‌లో పోరాడే సైన్యం, చైనాకు విమానాల్లో పోయే సరుకు, బర్మా మీదుగా చైనాకు వేస్తున్న లెడో రోడ్డు పని, అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. 1944 మార్చిలో అమెరికన్ రైల్వే దళాలు ఆ లైను నిర్వహణలోకి వచ్చాక రవాణా బాగా పెరిగింది. నది మీద వంతెన మాత్రం యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు గానీ రాలేదు.

రైలునూ నదినీ తెలివిగా కలపడం చూడాలంటే సూడాన్ చూడండి. సూడాన్ మీద దాడికి వెళ్లిన బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం కోసం పెర్సీ జిరూవార్ అనే యువ ఇంజనీరు 1897 జనవరిలో వాడీ హల్ఫా నుంచి ఎడారి మీదుగా లైను మొదలుపెట్టి, అక్టోబరు చివరికి దాదాపు 370 కిలోమీటర్ల అవతల అబూ హమద్ చేర్చాడు. నైలు నది పెద్ద వంపు, పడవలు దాటలేని రాతి జలపాతాలు రెండూ దాంతో తప్పాయి. గన్‌బోట్లను ముక్కలుగా ఆ రైలు మీదే పంపి, జలపాతాల పైన అబాడియాలో బిగించి నీళ్లలోకి దించారు.

ఎవరి మాట చెల్లాలి

రేవు ఒకరిది, నది ఇంకొకరిది, రైలు మరొకరిది అయితే ప్రతి ఒక్కరూ తమ ముక్క బాగానే నడుస్తోందని నిజాయితీగానే చెబుతారు. సరుకు మాత్రం ముక్కకూ ముక్కకూ మధ్య పడి ఉంటుంది. మూడింటి మీదా ఒకే అధికారి ఉండాలి, అతను సేనాని టేబుల్ దగ్గర కూర్చోవాలి. పడమటి ఫ్రంటులో బ్రిటిష్ సైన్యం 1916లో రైల్వే కంపెనీ నడిపిన అనుభవమున్న ఎరిక్ గెడ్డిస్‌కు ఆ పని అప్పగించింది, ఆయన సైనికుడు కాకపోయినా సరే.

"అర్జెంట్" అనే ముద్ర వాడకం ఆపించండి. అందరూ అదే వేస్తే దానికి విలువ ఉండదు. దాని బదులు రోజువారీ టన్నులను శాఖల వారీగా పంచండి: తిండికి ఇంత, మేతకు ఇంత, గుండ్లకు ఇంత, వైద్యానికి ఇంత. తమ వాటాలో ఏది ముందు పోవాలో ఆ శాఖే తేల్చుకుంటుంది.

గాయపడినవాళ్లు

ఖాళీ పడవలు ఎలాగూ కిందికి వస్తాయి, గాయపడినవాళ్లను వాటిలో ఎక్కిస్తే సరిపోతుందని మీకు అనిపిస్తుంది. టెసిఫాన్ తర్వాత సరిగ్గా అలాగే చేశారు. పైకప్పు లేని బార్జీల్లో, పరుపుల్లేకుండా, రోజుల తరబడి శుభ్రం చేసే మనిషి లేకుండా వాళ్లు బస్రా చేరారు. ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు మేజర్ కార్టర్ ఆ పడవలను కళ్లారా చూసి రిపోర్టు రాస్తే, పైఅధికారులు ఆయన్నే బెదిరించారు. 1917లో మెసొపొటేమియా కమిషన్ నివేదిక దీన్ని బయటపెట్టింది. ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లిన్ రాజీనామా చేశాడు. ఆ బార్జీల్లో చనిపోయినవాళ్లకు అది ఏ విధంగానూ అందలేదు.

అందుకని ఆసుపత్రి పడవలు వేరుగా, మొదటి నుంచీ, సరుకు లెక్కలోకి రాకుండా పక్కన పెట్టండి. యుద్ధం ఎన్నడో తెలిసిన మరుక్షణం, ఎంతమంది గాయపడొచ్చో వైద్యులను అడిగి, వాళ్లు చెప్పిన అంకెకు తగ్గ పడవలు, పరుపులు, నీళ్లు, వంట, డాక్టర్లు దాడి మొదలవకముందే పైన ఉండేలా చూడండి. సరుకు పడవలు ఎంత అవసరమైనా వీటిని లాక్కోవద్దు. సేనాని అడిగినా సరే, ముందు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

పొద్దున్నే చూడాల్సిన కాగితం

రోజూ ఉదయం మీ బల్ల మీదకు ఒకే ఒక్క పేజీ రావాలి. నిన్న ప్రతి ముక్కలో ఎన్ని టన్నులు దాటాయి. ఆఖరి డిపోలో తిండి, మేత, గుండ్లు ఎన్ని రోజులకున్నాయి. రేవు ముందు ఎన్ని ఓడలు ఎన్నాళ్లుగా నిలబడ్డాయి. మరమ్మతులో ఎన్ని పడవలు, ఎన్ని ఇంజన్లు. జ్వరంతో పడిన కూలీలు, కళాసీలు ఎందరు. నదిలో అతి పలచని చోట ఈరోజు లోతెంత.

వీటితోపాటు, దించకుండా ఒక పగలూ ఒక రాత్రీ దాటిన ప్రతి పడవ, ప్రతి వ్యాగన్ నంబరూ, అది ఆగిన చోటూ విడిగా రాయించండి. పంపిన టన్నుల అంకె చూసేముందు ఆ జాబితా చదవండి. ఒకే స్టేషను పేరు వరసగా మూడు రోజులు కనిపిస్తే ఫోన్‌లో అడగొద్దు. పడవెక్కో బండెక్కో అక్కడికి వెళ్లి, గట్టు మీద నిలబడి ఒక పూటంతా దించుతున్న తీరు చూడండి. నిచ్చెన తక్కువైందా, దీపం లేదా, ముఠాకు పొద్దున్నుంచి తిండి అందలేదా అన్నది అక్కడే తెలుస్తుంది. ఏది కావాలో అది తర్వాతి పడవలో ముందుగా ఎక్కించండి.